గోడ లేని చోట అర

ఇల్లు కట్టేవాడికి ఆ ఇంట్లో అర ఉండదు. గోడ లేవకముందే అతని పని మొదలవుతుంది. గోడ లేచి, సున్నం పడి, అల్మారాలు అమరేసరికి అతను ఇంకో పునాది దగ్గర ఉంటాడు. తాపీ, గుండుదారం, రసమట్టం, మూలమట్టం, బర్మా, ఉలులు, మేకుల డబ్బా, మధ్యాహ్నం అన్నం క్యారేజీ, ఇవన్నీ ఆ పూటకి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి. కింద పెడితే తడి. ఇసుక కుప్ప పక్కన పెడితే సాయంత్రానికి కూరుకుపోతాయి. సిమెంటు బస్తాల మీద పెడితే బస్తా లేపినవాడు ఏ మూలకు నెట్టాడో తెలియదు. ఇక మిగిలింది పై దిక్కే. కర్రకో, దూలానికో, పైపుకో వేలాడదీయాలి.

కట్టుబడి పనుల దగ్గర స్టోర్సు చూసి రిటైరైనవాణ్ణి నేను. సిమెంటు, స్టీలు, చెక్క, మేకులు, అన్నిటికీ నా దగ్గర రిజిస్టర్లుండేవి. పనివాళ్లు తమ సామాను కోసం తామే కట్టుకునే వేలాడే అరలకు మాత్రం ఏ రిజిస్టర్లోనూ పేజీ లేదు. అవి ఎప్పటి నుంచి వస్తున్నాయి, ఎలా మారాయి అని చూస్తూ పోతే, కట్టడాల చరిత్రలో ఎవరూ రాయని భాగం ఒకటి అక్కడ కనబడింది. అది రాయాలనే ఈ ప్రయత్నం.

వస్తువును వేలాడదీసి కాపాడుకోవడం గురించి నాకు తెలిసిన బాగా పాత వివరం ఒక కట్టుబడికి సంబంధించినదే కావడం నాకు చాలా సంతోషం కలిగించింది. అది అగ్నిచయనం. ఇటుకలను అయిదు వరుసలుగా పేర్చి, రెక్కలు చాచిన డేగ ఆకారంలో వేదిక కట్టే క్రతువు. ఆ కట్టుబడికి ముందు యజమాని ఉఖ అనే మట్టిపాత్రలో నిప్పు నిలుపుకుని, ఆరిపోకుండా చూసుకోవాలి. పూర్తి విధానం పాటిస్తే అది ఏడాది కాలం. ఆ పాత్రను పట్టి ఉంచేది శిక్యం, అంటే తాళ్లతో అల్లిన ఉట్టి. దానికి ఆరు తాళ్లుండాలని శతపథ బ్రాహ్మణం చెబుతుంది, వాటిని ఆరు ఋతువులతో పోలుస్తుంది. యజమాని ఆ శిక్యాన్ని మెడకు తగిలించుకుని నిప్పును మోస్తాడు. వేదిక ఇంకా లేవలేదు, నిప్పు మాత్రం ఉంది. దాన్ని నేల మీద వదలకుండా, మనిషితో పాటు కదిలేలా ఉంచాలి. ఏ సైటులోనైనా మేస్త్రికి ఎదురయ్యే ప్రశ్న ఇదే. దానికి తాడే జవాబని మనవాళ్లు ఎన్నడో కనుక్కున్నారు.

ఇంటి ఉట్టి ఆ పద్ధతికే ఇంకో రూపం. గోగునారతోనో, కలబంద నారతోనో, కొబ్బరి పీచుతోనో పేనిన మూడు నాలుగు తాళ్లు కింద కుదురు దగ్గర కలుస్తాయి, పైన ఒక ముడిలో కలిసి దూలానికి వేలాడతాయి. అడుగున పెద్ద కుండ, దాని మీద ఒకదానికంటే ఒకటి చిన్నవి. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి అందులోనే ఉండేవి. పిల్లికి అందదు, పిల్లలకు అందదు, చుట్టూ గాలి ఆడుతుంది కాబట్టి తొందరగా పాడవదు. ఎలుక తాడు మీదుగా దిగకుండా మా అమ్మ తాడు మధ్యలో కొబ్బరి చిప్ప బోర్లించి కట్టేది. చీమలకు కిరసనాయిల్లో తడిపిన గుడ్డపీలిక చుట్టేది. గోకులాష్టమి మర్నాడు తిరుమలలో ఉట్లోత్సవం జరుగుతుంది. ఊరూరా వీధుల్లో ఉట్టి కొడతారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు అని సామెత కూడా చెప్పుకుంటాం. ఇంత పరిచయం ఉండబట్టే, దాని నిర్మాణం ఎంత తెలివైనదో మనం ఆగి చూడం.

ఉట్టికి గోడ అక్కర్లేదు, పైన ఒక్క ఆధారం చాలు. అది నేలను తాకదు. పైగా దించి చుట్టేస్తే గుప్పిట్లో పడుతుంది. ఇంట్లో స్థిరంగా ఉండేవాళ్లకు మొదటి రెండూ చాలు. ఊరు మారుతూ పని చేసుకునేవాళ్లకు మూడోదే ప్రాణం.

అలా ఊరు మారిన పనివాళ్లు ఎంతమందో మన చెరువులను చూస్తే తెలుస్తుంది. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువుకు సంబంధించి 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టించినవాడు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలేమిటో, రాకూడని దోషాలేమిటో ఆ శాసనం చెబుతుంది. దాంతోపాటు పని లెక్క కూడా చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, పూర్తవడానికి రెండేళ్లు. సుమారు 1520లో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడ ఒక చెరువు పని దగ్గర పదిహేను, ఇరవై వేలమంది ఉన్నట్టు రాశాడు.

స్టోర్ కీపర్ కళ్లతో నేను ఈ లెక్కలు చదువుతాను. వెయ్యిమంది రెండేళ్లు ఒకచోట ఉన్నారంటే అది ఒక ఊరు. వెయ్యిమందికి గునపాలు, పారలు, తట్టలు, సమ్మెటలు కావాలి. గంజి కుండలు, ఉప్పు, పసిపిల్లలకు ఊయలలు కావాలి. కట్ట లేస్తున్నకొద్దీ ఈ ఊరు కూడా జరుగుతూ ఉంటుంది. ఇలాంటి చోట గూడు, అటక, చిలక్కొయ్య ఉన్న ఇల్లు ఎవరూ కట్టుకోరు. మట్టి పని, రాతి పని వృత్తిగా చేసుకున్న వడ్డెరలు తరాల తరబడి పని దగ్గరే తాత్కాలికంగా గుడిసెలు వేసుకుని, పని ముగియగానే బండ్లెక్కారు. వాళ్ల సామాను అంతా కట్టుకుపోవడానికి, విప్పుకోవడానికి వీలైనదే.

కావడిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వెదురు బద్దకు రెండు వైపులా రెండు ఉట్లు, మధ్యలో మనిషి భుజం. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో పార్సిళ్లు చేరవేసిన బంగీ టపా నడిచింది ఇలాంటి కావళ్ల మీదే. పనివాళ్లు దానితో ఇంకో ఉపయోగం కూడా సాధించారు. మాచర్ల వైపు కాలవ పనుల దగ్గర నేను చిన్నప్పుడు చూశాను. దూరం నుంచి కావడి మోసుకొచ్చిన మనిషి దాన్ని విప్పేవాడు కాదు. రెండు పంగల కర్రలు పాతి, ఆ బద్దను వాటి మీద పెట్టేవాడు. ఒక వైపు కుండలు, ఇంకో వైపు పనిముట్లు, అలాగే వేలాడుతూ ఉండేవి. మోసుకొచ్చిన సాధనమే అరగా మారేది. ఈనాడు తయారీదారులు గొప్పగా చెప్పుకునే, తీసుకుపోగలిగే నిల్వ సదుపాయం అంటే ఇదే కదా!

ఇక ఇనుము సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. దాని కోసం పెట్టిన వర్క్‌షాపులో కమ్మరులు, వడ్రంగులు వందల సంఖ్యలో పనిచేశారు. పెద్ద పనుల దగ్గర కొలిమి కూడా ఉండటం ఆ తరానికి అలవాటైంది. ఇనుప కొక్కెం, గొలుసు సైటులోనే సాగగొట్టుకునే రోజులొచ్చాయి. కానీ మామూలు కూలీకి ఇనుము చాలాకాలం దుబారా ఖర్చే. అతని అర తాడుతోనే నడిచింది, నా చిన్నతనం దాకా.

నేను పుట్టింది నాగార్జున సాగర్ పని మధ్యలో. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. ఈ రెండు తేదీల మధ్య కృష్ణా నది మీద లేచింది రాతి డ్యాం. పునాది నుంచి 124 మీటర్ల పైచిలుకు ఎత్తు. యంత్రాలు కొద్ది, చేతులు కొల్లలు. డ్యాం ముఖం మీద కర్రలతో వాలుగా పరంజాలు కట్టారు. ఆ దారుల మీద ఆడవాళ్లు, మగవాళ్లు వరసలుగా రాయి, మాలు నెత్తిన మోశారు. మా అమ్మ ఆ వరసలో మాలు మోసింది. మా నాన్న సెంట్రింగ్ వడ్రంగి.

మా గుడిసెకు తాటాకు కప్పు, తడికె గోడలు. తడికెకు మేకు దిగదు, దిగినా బరువు మోయదు. అందుకని మా నాన్న ఒక అర చేశాడు. సెంట్రింగ్‌లో పక్కన పడేసిన ముక్కచెక్క, మూరెడున్నర పొడవు, జానెడు వెడల్పు. నాలుగు మూలలా బర్మాతో బెజ్జాలు వేశాడు. తాడును ఒక బెజ్జంలోంచి దించి, చెక్క అడుగున అడ్డంగా పోనిచ్చి, ఎదుటి బెజ్జంలోంచి పైకి లాగాడు. రెండో కొసనా అంతే. ఇలా చేస్తే చెక్క ముడి మీద కాక తాడు మీద కూర్చుంటుంది. ముడి జారినా చెక్క ఒక్కసారిగా పడిపోదు, ఒక పక్కకు వాలి హెచ్చరిస్తుంది. ఆ రెండు తాళ్లనూ వాసానికి ఒక్కచోట కాకుండా ఎడంగా రెండుచోట్ల కట్టాడు. ఒక్కచోట కడితే చెక్క గిరగిరా తిరుగుతుంది, రెండుచోట్ల కడితే ముందుకు వెనక్కి ఊగుతుందే గాని తిరగదు. ఆ ఊపు కూడా వద్దనుకుంటే అడుగున ఒక పురికొస కట్టి నేలలో గుంజకు బిగించేవాడు.

దాని మీద సామాను పెట్టడానికి ఆయనకొక క్రమం ఉండేది. బరువైన బాడిశ, సుత్తి రెండు తాళ్లకు దగ్గరగా. ఉలులు నూనెగుడ్డలో చుట్టి మధ్యలో. రసమట్టం పాత పంచె ముక్కలో కట్టి, చెక్క మీద కాకుండా తాడుకే విడిగా తగిలించేవాడు. చెక్కకు దెబ్బ తగిలినా గాజు గొట్టానికి తగలకూడదని. "పనిముట్టును నేల మీద పెట్టినవాడు పనిని నేల మీద పెట్టినట్టే రా" అనేవాడు నాతో. పని ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు మారితే ఆ అరను చుట్టి చంకలో పెట్టుకుని పోయేవాడు, అక్కడ పరంజా కర్రకు తగిలించేవాడు. పొద్దున పని చోట, రాత్రి గుడిసెలో, అదే అర. డ్యాం గురించి పుస్తకాలు చదివినప్పుడల్లా నేను ఆ ముక్కచెక్క కోసం వెతుకుతాను. గేట్లెన్ని, నీటి మట్టం ఎంత, ఎన్ని ఎకరాలకు పారిందన్నవి అన్నీ ఉంటాయి. నెత్తి మీద రాయి మోసినవాళ్లు రాత్రి తమ కొద్దిపాటి ఆస్తిని ఎక్కడ పెట్టుకున్నారన్నది ఉండదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో పరంజా అంటే సరుగుడు కర్రలు, కొబ్బరి తాళ్లే. కర్రకు కర్ర కట్టిన చోట పంగ ఏర్పడుతుంది, ఆ పంగే కొక్కెం. సంచులు, క్యారేజీలు, నీళ్ల సీసాలు అన్నీ వాటికే వేలాడేవి. తర్వాత తర్వాత 48 మిల్లీమీటర్ల ఇనుప పైపులు, క్లాంపులు, కప్‌లాక్ వచ్చాయి. నునుపైన పైపు మీద తాడు నిలవదు, జారుతుంది. అప్పుడు పనివాళ్లు తాడు వదిలి రాడ్డు పట్టుకున్నారు. ఈ మార్పు నా కళ్ల ముందు జరిగింది. దాన్ని తెచ్చింది ఇంజనీర్లు కాదు, రాడ్ బెండర్లు.

వాళ్ల బల్ల మీద స్టీలు వంచే పిన్నులుంటాయి. కత్తిరించగా మిగిలిన 12 మిల్లీమీటర్ల ముక్క తీసుకుని పైకొసను పైపు చుట్టుకు సరిపడా కొక్కెంగా వంచుతారు. కింది కొసను ముందుకు మడిచి, చెక్క ఆనేలా చేయి తీస్తారు. చేయి కింద నుంచి ఇంకో ముక్కను ఏటవాలుగా కట్టి, దాన్ని నిలువు పైపుకు ఆనే పాదంగా మారుస్తారు. కొక్కెం అడ్డపైపుకు, పాదం నిలువు పైపుకు. అలాంటివి రెండు తగిలించి మీద సెంట్రింగ్ చెక్క వేస్తే అర. కొక్కెం పైకి లేవకుండా బైండింగ్ వైరుతో ఒక చుట్టు. పని మారితే వైరు తెంపి, రెండు బ్రాకెట్లు భుజాన వేసుకుని పోవచ్చు.

దాని బరువు ప్రతి స్టోర్ కీపరూ నోటితో కడతాడు. రాడ్డు వ్యాసాన్ని అదే అంకెతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరు 0.89 కిలో. ఒక బ్రాకెట్టుకు మీటరుంబావు రాడ్డు పట్టిందనుకుంటే కిలో మీద వంద గ్రాములు. అదీ తుక్కులోకి పోవలసిన ముక్క.

అది ఎలా నిలబడుతుందో మా మేస్త్రులు లెక్క రాయకపోయినా వాళ్ల చేతికి తెలుసు. బరువు కిందికి లాగుతుంటే కొక్కెం వెనక్కి పట్టుకుంటుంది, పాదం పైపును నెడుతుంది. కొక్కేనికీ పాదానికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే కొక్కెం మీద లాగుడు అంత తక్కువ. ఉదాహరణకు పైపు నుంచి 15 సెంటీమీటర్ల ఎడంలో 20 కిలోల బరువు పెట్టామనుకుందాం. పాదం కొక్కేనికి 30 సెంటీమీటర్ల కింద ఉంటే కొక్కెం మీద పక్కకు పడే లాగుడు 10 కిలోలు. పాదం 10 సెంటీమీటర్ల కిందే ఉంటే అదే లాగుడు 30 కిలోలు. పొట్టి బ్రాకెట్టు ఎందుకు సాగి విరిగిపోతుందో, పొడుగుది ఎందుకు ఏళ్ల తరబడి మన్నుతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. పాత రాడ్ బెండర్లు జానెడు కంటే పొట్టిగా పాదం దించనిచ్చేవారు కాదు.

ఇతర దేశాల్లోనూ పనివాళ్లు ఇదే దారిలో నడిచారు. అమెరికాలో 1830ల నుంచి షికాగో చుట్టుపక్కల పాకిన చెక్క చట్రాల ఇళ్లలో, గోడ పలకలు వేసేదాకా నిలువు చెక్కలు మాత్రమే ఉంటాయి. ఇప్పుడు వాటి మధ్య దూరం సాధారణంగా 16 అంగుళాలు. ఆ చెక్కలకు తగిలించి, మీద ఒక పలక వేసుకునే ఇనుప బ్రాకెట్లు అక్కడ రెడీమేడ్‌గా దొరుకుతాయి. పని ముగిశాక మడిచి పెట్టెలో వేసుకుంటారు. మన రాడ్ బెండర్ చేసినదానికీ వాటికీ సూత్రం ఒక్కటే. 1970ల తర్వాత కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లు ఒకే గదిలో అంతస్తుల మంచాల మీద బతికారు. పై మంచం చట్రానికి తాడు కట్టి, దానికి అట్ట పెట్టె వేలాడదీసుకుని, అందులో ఇంటి ఉత్తరాలు, మందులు, పాస్‌పోర్టు జిరాక్సు పెట్టుకున్నామని అక్కడి నుంచి తిరిగొచ్చి మా సైటులో చేరిన ఫిట్టర్లు చెప్పేవారు.

ఇదంతా పాతకాలపు ముచ్చటగా వదిలేయడం నాకిష్టం లేదు. సామాను నిల్వ గురించి మనకు మంచి నియమాలున్నాయి. భారత ప్రమాణం ఐఎస్ 4082 సిమెంటు బస్తాలను నేల నుంచి 15, 20 సెంటీమీటర్ల ఎత్తులో చెక్కల మీద పేర్చమంటుంది, పదింటికి మించి ఎక్కించవద్దంటుంది. నేను దాన్ని అక్షరాలా పాటించాను. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం వాళ్లకు తాత్కాలిక వసతి, వంటకు వేరే చోటు ఇవ్వాలంది. ఇవి రెండూ గొప్ప అడుగులు. అయితే నేను చూసిన ఎస్టిమేట్లలో బస్తా కింద వేసే చెక్కకు డబ్బుంది, తాపీ పెట్టుకునే చెక్కకు లేదు. సిమెంటుకు తడి తగలకూడదన్న శ్రద్ధ రసమట్టానికి, అన్నం క్యారేజీకి కూడా దక్కాలి.

ఆ చెక్క లేకపోవడం వల్ల పోయేది చిన్నదేం కాదు. పొద్దున్నే తాపీ కోసం, మూలమట్టం కోసం ఇసుకలో వెతుకులాట, తొక్కి విరగ్గొట్టిన టేపు, తుప్పు పట్టిన ఉలి, పై అంతస్తు అంచున పెట్టిన సుత్తి కిందికి జారడం, ఇవన్నీ నేను స్టోర్సు కిటికీ లోంచి చూసినవే. వేలాడే అర ఉన్న ముఠాలో ఇవి తక్కువ. అలాంటి ముఠా మేస్త్రి నా దగ్గర కొత్త పనిముట్లకు ఇండెంటు పెట్టడమే అరుదు. తన సామానుకు ఒక చోటు ఉన్న మనిషి తన పనికి కూడా ఒక చోటు ఉందనుకుంటాడు. పని నాణ్యతలో అది కనబడుతుంది.

అందుకే నా తర్వాత స్టోర్సులో కూర్చున్నవాళ్లకు, ఎస్టిమేటు రాసే ఇంజనీర్లకు నేను అడిగేది ఇంతే. ప్రతి ముఠాకు రెండు బ్రాకెట్లు, ఒక చెక్క, చెక్క ముందు అంచున వస్తువు జారకుండా రెండంగుళాల పట్టీ. పాదం కొక్కేనికి కనీసం అడుగు కింద ఉండాలి. అర భుజం ఎత్తు దాటకూడదు. మనుషులు నడిచే దారి మీదికి రాకూడదు. కొక్కేనికి వైరు చుట్టాకే సామాను పెట్టాలి. స్టీలు తుక్కులోంచే వస్తుంది, వంచడానికి రాడ్ బెండర్ కొద్దిసేపు ఆగితే చాలు. పునాది గుంత తవ్వే రోజునే అవి స్టోర్సు నుంచి ఇష్యూ కావాలి. రిజిస్టర్లో వాటికొక పేజీ ఉండాలి, ఆ పేజీ మీద మేస్త్రి సంతకం ఉండాలి.